మూసీయొడ్డున చింతచెట్టు

నగరములోని స్మారకచిహ్నము లనగానే రాజులు, కోటలు, విజయస్తంభములు మనకు స్ఫురించును. హైదరాబాదునందు నేను మిక్కిలి గౌరవించు చిహ్నము మాత్రము రాయి గాదు. అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని యొక చింతచెట్టు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరముపై బడెను. వేలకొలది యిండ్లు నేలమట్టమయ్యెను. సుమారు 15,000 మంది మృతినొందిరని చెప్పుదురు. ఉర్దూకవి యగు అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ ప్రవాహముననే గోల్పోయెను. నాడు అఫ్జల్‌గంజిలోని యీ చెట్టుకొమ్మల నాశ్రయించి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నేను దానిచెంత నిలిచి కొమ్మలవైపు చూచినప్పుడు, నీ రెంత యెత్తునకు వచ్చెనో తలచుకొని యొడలు జలదరించెను.

ఆ దుఃఖము నగరమునకు బుద్ధి గఱపెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరమును, 1927లో దాని యుపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. వరద నాపుటకు గట్టిన జలాశయములే పిమ్మట నగరమునకు త్రాగునీ రొసగెను.

అయినను 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో కుండపోతవానకు నగరవీధు లనేకము మరల మునిగెను. చెరువులు పూడ్చి యిండ్లు గట్టిన తావులలో నీరు తన పాతత్రోవను మరువలేదు.

బాలబాలికలారా! మీ యూరను ఇట్టి చెట్టో, రాయో, పాతగట్టో యుండకపోదు. దాని కథను పెద్దల నడిగి తెలిసికొనుడు. ఆ కథను మరచిన యూరు మరల అదే కష్టమును గొనితెచ్చుకొనును.