నాన్న వ్యాను – 4 : పక్క అద్దం

పోయిన భాగం చదివి చాలామంది "ఆ బండి ఇంకా ఉందా అన్నా" అని అడిగారు. ఉంది. నడుస్తోంది. మొన్న మే నెలలో దాని పక్క అద్దం పగిలింది. ఇవాళ ఆ సంగతే రాస్తున్నా. అద్దం గురించి ఇంత రాయాలా అనిపిస్తే కొంచెం ఓపిక పట్టండి.

మొదటి భాగాలు చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది మారుతి ఓమ్నీ. 1984లో కంపెనీ వాళ్ళు దీన్ని ఉత్త 'వ్యాన్' అనే పేరుతోనే దించారు, ఓమ్నీ అన్నది తర్వాత వచ్చిన పేరు. 796 సీసీ ఇంజను. 2019లో తయారీ ఆపేశారు. సినిమాల్లో ఎవర్ని కిడ్నాప్ చేయాలన్నా ఈ బండే తెచ్చేవాళ్ళు. మా పల్లెలో మాత్రం ఈ బండిలో ఎక్కినోళ్ళందరూ క్షేమంగా దిగారు. కాన్పులకి పోయింది. డయాలసిస్‌కి పోయింది. పదో తరగతి పరీక్షలకి పిల్లల్ని మోసింది. ఆర్సీలో మా నాన్న పేరుంది గానీ రేపల్లె దగ్గర మా పల్లె మొత్తానికీ అది ఇంటి బండే.

ఎడమ పక్క వెనక అద్దం మీద బాబాసాహెబ్ స్టిక్కర్ ఉండేది. నీలం కోటు, కళ్ళద్దాలు. అన్నం తినే పళ్ళెమంత ఉంటుంది. ఏడేళ్ళ కిందట ఏప్రిల్ 14న నేనే కొని అంటించాను. ఆ అద్దం పక్కనే నా కూతురు కూర్చుంటుంది. అది దాని సీటు. ఇంకెవర్నీ కూర్చోనివ్వదు.

బాపట్లలో మా బాబాయి కూతురి పెళ్ళికి పోయాం. రాత్రి బాబాయి ఇంటి ముందు రోడ్డు పక్కనే వ్యాను పెట్టి పడుకున్నాం. తెల్లారి ఆరింటికి నా కూతురు వచ్చి లేపింది.

"నానా, మన వ్యాన్లో ఎవరో పటికబెల్లం పోశారు."

వెళ్ళి చూస్తే సీటు నిండా, కింద నిండా గాజు పలుకులు. ఎండ పడి మెరుస్తున్నాయి. చంటిది చూస్తే పటికబెల్లమే అనుకుంటుంది. అద్దం చట్రంలో గాలి తప్ప ఏమీ లేదు. స్టిక్కర్ అంటించిన ముక్క మాత్రం చెదరలేదు. నిలువెల్లా బీటలు కొట్టి, ఆ బీటలన్నీ స్టిక్కరే పట్టుకుని, పళ్ళెం పళ్ళెంగా సీటు మీద వెల్లకిలా పడి ఉంది. కోటు మీద గీతలు. కళ్ళద్దాల మీద గీతలు.

రాయి కోసం వెతికాం. వ్యానులో లేదు. రోడ్డు వేస్తున్నారు కాబట్టి బయట ఎటు చూసినా కంకరే. ఆ మలుపులోనే మన పిల్లలు పొద్దున్నే క్రికెట్ ఆడతారు. ఊళ్ళో నుంచి హైవే ఎక్కే బండ్లన్నీ ఆ రోడ్డు మీదే పోతాయి. మా వ్యాను పక్కన ఇంకా మూడు కార్లున్నాయి. వాటికి గీత కూడా పడలేదు.

వేరే వాళ్ళ కారు అద్దం పగిలితే ఎంత అవుతుందో లెక్కేసుకుంటారు. మేం ముందు ఎవరై ఉంటారో లెక్కేసుకుంటాం. డబ్బుల లెక్క తర్వాత. పెళ్ళికొచ్చిన చుట్టాలందరూ పళ్ళు తోముకుంటూ వ్యాను చుట్టూ చేరి అదే లెక్కలో పడ్డారు. ముందురోజు డీజే దగ్గర ఎవరితో మాటా మాటా అనుకున్నాం? ఊరేగింపు ఏ వీధిలో ఆగింది? ఎవరు గుర్రుగా చూశారు? పెళ్ళికూతురు కూడా వచ్చి నిలబడింది. ఆ పిల్ల మొహంలో పెళ్ళికళ పోయింది. నాకు అన్నిటికన్నా అది బాధేసింది.

నేను ఏం చేసుంటానో మీకు తెలుసు. కాగితం, పెన్ను తీశాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోది. 2015లో దాన్ని సవరించారు, 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(టీ) చాలామంది మనోళ్ళకి తెలియదు, గుర్తుపెట్టుకోండి. మనం గౌరవంగా చూసుకునే వస్తువుని ధ్వంసం చేసినా, పాడు చేసినా, అపవిత్రం చేసినా నేరమే. ఆ వస్తువంటే విగ్రహమే కానక్కర్లేదు, ఫొటో, చిత్రపటం కూడా అని చట్టంలోనే వివరణ రాశారు. అంటే మా వ్యాను మీది స్టిక్కర్‌కి కూడా చట్టంలో చోటుంది.

నాన్న బీడీ ఆర్పి, నేను రాస్తుంది చూసి అడిగాడు.

"ఎవురి మీద రాస్తన్నా?"

"గుర్తు తెలియని వ్యక్తుల మీద."

"గుర్తు తెలియనోడి కులం నీకెట్టా తెలుసు?"

పెన్ను ఆగింది. ఈ చట్టం కింద నేరం కావాలంటే చేసినవాడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు. ఎవరో తెలియనివాడి మీద ఆ సెక్షన్ ఎట్లా నిలబెట్టాలి?

నాన్న ఇంకో మాట అన్నాడు. "మన పిల్లకాయల బంతే తగిలుంటే? పోలీసులొచ్చి ముందు ఎవుర్ని ఎక్కించుకుంటారు?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చింపలేదు.

వ్యానుకున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే. మన బండికి జరిగిన నష్టానికి దానిలో పైసా రాదు. బాపట్లలో అడిగితే, ఓమ్నీ అద్దాలు ఇప్పుడు రావట్లేదు, తెనాలిలో పాత సామాను దొరకొచ్చు, లేకపోతే విజయవాడ ఆటోనగరే దిక్కు అన్నారు. ఆడవాళ్ళనీ పిల్లనీ రేపల్లె బస్సెక్కించాం. అద్దం లేని చట్రానికి కప్పడానికి బాబాయి ఒక ఫ్లెక్సీ ముక్క తెచ్చాడు. ఏప్రిల్ 14న కట్టినదే. దాని మీదా బాబాసాహెబే. నేను టేపు వేస్తుంటే నాన్న మెల్లగా అన్నాడు.

"తెల్ల వైపు బయటికి పెట్టు."

నాకు ఒళ్ళు మండింది. వాదించలేదు. తెల్ల వైపే బయటికి పెట్టాను. పొన్నూరు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది.

పొన్నూరు దాటాక నాన్న "చుండూరు మీదుగా పోనీ" అన్నాడు.

చుండూరు గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై, 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన ఊరు. ఆ కేసు కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు మనోళ్ళు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఎవరు ఎవర్ని కొట్టారో, ఏ వేళకి ప్రాణం పోయిందో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్నారు.

నాన్న బండి పక్కకి ఆపమన్నాడు. దిగలేదు. అద్దంలోంచి చూస్తూ చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతి.

"అప్పుడు నాకు ఇరవై నాలుగు. వీళ్ళంతా తెనాలి వచ్చి తలదాచుకుంటే, మన పల్లెలో మజ్జిగ పోగేసి బిందెల్లో పట్టుకుపోయాం. ఒక ముసలామె గ్లాసు తీసుకుంది గానీ తాగలా. 'ఎవురబ్బాయివయ్యా' అంది. పేరు చెప్పా. తాగలా. ఊరు చెప్పా. తాగలా. పల్లె పేరు చెప్పి, ఫలానా వాళ్ళ మనవణ్ణి అన్నాక అప్పుడు తాగింది. గుక్క తిప్పుకోకుండా తాగింది."

కాసేపాగి, "పోనీయ్" అన్నాడు.

తెనాలిలో అద్దాల మేస్త్రి నాన్నకి పాత స్నేహితుడు. నాన్న అక్కడ ఆటో తోలినప్పటి నుంచి ఎరుక. ఆయన ముందు చట్రం కాదు చూసింది, నేను గుడ్డలో చుట్టి తెచ్చిన స్టిక్కర్ ముక్క. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

నేను ఆత్రం పట్టలేక అడిగాను. "ఎవరైనా కావాలని కొట్టారా భాయ్? దీన్ని చూస్తే తెలుస్తుందా?"

ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. బండి ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. దానికి రాయి తగిలితే తగిలిన చోటే సాలెగూడు పడుతుంది, అద్దం ఊడిపోదు. దెబ్బ ఎక్కడ తగిలిందో పదేళ్ళయినా చూపిస్తుంది. పక్క అద్దం అట్లాంటిది కాదు. అది ఒకే పలక. 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు బిగుసుకుపోతుంది, లోపలి పొర దాన్ని లాగుతూనే ఉంటుంది. ఆ బిగువే దాని బలం. ఎక్కడ చిన్న దెబ్బ లోపలికి దిగినా ఆ బిగువు మొత్తం విడిపోయి అద్దమంతా పలుకులైపోతుంది. కత్తిలాంటి పెంకులు రాకుండా, మనుషులు తెగిపోకుండా ఉండటానికే అట్లా చేస్తారు. కాకపోతే దెబ్బ తాలూకు ఆనవాలు కూడా ఆ పలుకుల్లోనే కలిసిపోతుంది.

"ఈ ముక్కొక్కటీ మిగిలింది మీ బొమ్మ పట్టుకోబట్టి" అన్నాడు మేస్త్రి. గీతల మీద వేలు పెట్టి చూపించాడు. గీతలన్నీ కింద మూల నుంచి పైకి విచ్చుకుంటున్నాయి. దెబ్బ బొమ్మ మీద పడలేదు. బొమ్మకి జానెడు అవతల, ఊడిపోయిన భాగంలో ఎక్కడో పడింది.

గురి తప్పిందో, అసలు గురే లేదో. ఆ ఆనవాలు బాపట్లలో మేం ఊడ్చి పారబోసిన గాజులో పోయింది.

చుండూరు నాకు అప్పుడు ఇంకోలా అర్థమైంది. చచ్చిపోయింది నిజం, సమాధులు ఉన్నది నిజం. ఏ చెయ్యి ఎవరి మీద పడిందో చెప్పమంటే మాత్రం అంతా పలుకులు. మా అద్దానికీ ఆ ప్రాణాలకీ పోలిక పెట్టట్లేదు. దెబ్బ తిన్నవాడే దెబ్బ ఆనవాలు కూడా దాచిపెట్టుకోవాల్సి రావడం గురించే అంటున్నా.

ఈ రకం అద్దాన్ని ఇంటి కిటికీ అద్దంలా కొలత తీసి కోయడానికి లేదు. కోస్తే పలుకులే. అచ్చం అదే సైజుది దొరకాలి. మేస్త్రి పాత సామాన్లలో ఒకటి దొరికింది, మూలన ఐఎస్ఐ గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. అద్దం 900, కొత్త రబ్బరు బీడింగ్ 400, బిగింపు 300. మొత్తం 1600.

బిగించడం చూడ ముచ్చటగా ఉంటుంది. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, ఆ రబ్బరు గాడిలో సన్న తాడు వేసి రెండు కొసలూ లోపలికి వదులుతారు. చట్రానికి సబ్బు నీళ్ళు పూస్తారు. లోపల ఒకరు తాడు లాగుతుంటే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. బయట ఒకరు అరచేత్తో అద్దాన్ని అదుముతూ ఉండాలి. తాడు నాకిచ్చారు. బయట నాన్న. ఆయన అరచేయి అద్దానికి ఆనుకుని, గీతలతో సహా నాకు లోపల నుంచి కనపడుతోంది. "నిదానం రా, లాగమాక, రానీ" అంటున్నాడు. పావుగంటలో కూర్చుంది.

డబ్బులిస్తూ నేనన్నాను, కొత్త స్టిక్కర్ ఇక్కడే కొందామని.

"అద్దం ఏయించాంగా. బొమ్మ వద్దు. పిల్ల కూర్చునే పక్క."

వేమూరు మీదుగా, భట్టిప్రోలు మీదుగా ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. వెనక అద్దం నిండా కులం పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్న కార్లు రెండు మమ్మల్ని దాటిపోయాయి. వాళ్ళ పిల్లలు కూడా ఏదో ఒక పక్కన కూర్చునే ఉంటారు కదా. వాళ్ళ నాన్నలకి ఈ లెక్క ఉండదు. మా నాన్న పిరికివాడు కాదు. ఆ లెక్క వేసీ వేసీ అలిసిపోయినవాడు. అది నాకు ఆ దారిలోనే అర్థమైంది. అందుకే పోట్లాడలేదు.

నెల రోజులు అద్దం బోడిగా ఉంది.

జూన్ చివర్లో ఒక రాత్రి వాన. పక్క పల్లె నుంచి ఫోను, కాన్పు నొప్పులని. నాన్నా నేనూ వ్యాను తీశాం. కాలవ వంతెన దగ్గర టార్చ్‌లైట్ పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మేం ఆపగానే పెద్దావిడ టార్చ్ పక్క అద్దం మీద వేసింది. వేసి, పిల్లని పట్టుకుని రెండడుగులు వెనక్కి పోయింది. టార్చ్ ఆర్పేసింది.

నాన్న దిగి, వానలో నిలబడి, పేరు చెప్పాడు. పల్లె పేరు చెప్పాడు.

"నువ్వా అన్నా" అంటూ పరిగెత్తుకొచ్చింది. "బొమ్మ కనపళ్ళా. ఎవుర్దో బండి, ఎవురో మొగోళ్ళు అనుకున్నా."

ఆసుపత్రి చేరేదాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు.

మూడో రోజు నేను బయట నుంచి వచ్చేసరికి నాన్న వ్యానులో మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. రేపల్లెలో ఫ్లెక్సీ షాపు కుర్రాడితో స్టిక్కర్ కొట్టించుకొచ్చాడు. పాత దానికి రెండింతలుంది. దాదాపు అద్దం అంత. బయట నుంచి కాదు, లోపల నుంచి అంటించే రకం.

"లోపల ఎందుకు నాన్నా?"

"రేపు మళ్ళీ ఎవుడన్నా కొట్టినా గాజు పిల్లదాని మీద పడదుగా. బొమ్మే పట్టుకుంటది."

కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. 'ఎవరి మీద' అన్నచోట ఖాళీగానే ఉంది. స్టిక్కర్ పాత ముక్కని నా కూతురు అట్టపెట్టెలో దాచుకుంది, పటికబెల్లం బాబాసాహెబ్ అని పేరు కూడా పెట్టింది.

వచ్చే ఆదివారం అయిదో భాగం. వ్యానుని మొదటిసారి పరీక్ష పిల్లలతో తెనాలి తీసుకెళ్ళిన సంగతి.

జై భీమ్.