గాలి పొయ్యిలో గోదారి బ్రౌనీ

"ఎయిర్ ఫ్రయ్యర్" అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, మార్కెటింగ్ వాడై ఉంటాడు తప్ప ఇంజినీరు మాత్రం అయ్యుండడు. 2010లో ఫిలిప్స్ వాళ్ళు బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని బయటపెట్టినప్పట్నించీ జనం దీన్ని నూనె అక్కర్లేని మూకుడు అనుకునే కొంటున్నారు. మా రాజమండ్రిలోనూ అంతే (కాగితాల మీద 2015 నుంచీ రాజమహేంద్రవరం, నోటికి మాత్రం ఇంకా రాజమండ్రే). కొన్న వారంలోపు గారెలు వేసి చూస్తారు. పిండి బుట్ట కంతల్లోంచి జారి అడుగున అట్టు కడుతుంది. మిగిలినవి ఎండిపోయి రాళ్ళలా వస్తాయి. ఆ తర్వాత దాని శాశ్వత చిరునామా అటక.

ఇంతకీ నే చెప్పొచ్చేదేంటంటే, అది మూకుడు కాదు. పైన ఓ కాయిలు, దాని నెత్తిన ఓ ఫ్యాను, కింద నాలుగైదు లీటర్ల ఖాళీ. అంతే. అంటే చిన్న సైజు ఓవెన్. మనకి ఆవిరి పొయ్యి తెలుసు, నూనె మూకుడు తెలుసు, పెనం తెలుసు. నాలుగు వైపుల నుంచీ పొడి వేడి తగిలించే సాధనం మాత్రం మన వంటిళ్ళలో లేదు. దిబ్బరొట్టెకి పూర్వం మూత మీద కూడా నిప్పులు వేసేవారని మా అమ్మమ్మ చెప్పేది. మనవాళ్ళు ఓవెన్ కి అంత దగ్గరగా వెళ్ళి ఆగిపోయారు. నూనె తగ్గించుకుందామని కొన్న మిషనుతో ఇప్పుడు ఓవెన్ దొడ్డిదారిన ఇంట్లోకొచ్చేసింది.

ఓవెన్ అని ఒప్పుకున్నాక అందులో మొదట చేయాల్సింది బ్రౌనీ. కేకు పొంగాలి, బిస్కెట్టు కరకరలాడాలి, బ్రెడ్డుకి పిండి పులవాలి. బ్రౌనీకి ఈ బాధలేవీ లేవు. పొంగకపోతేనే బాగుంటుంది.

కాకపోతే నెట్లో దొరికే కొలతలన్నీ పెద్ద ఓవెన్ కోసం రాసినవి. మక్కికి మక్కి దించితే పని చెయ్యవు. వేరే మిషను మీద రాసిన కోడు మన మిషను మీదికి తెచ్చుకున్నట్టే, హార్డువేరుని బట్టి కాస్త మార్చుకోవాలి. వాళ్ళ పళ్ళెం 8 అంగుళాల చదరం, అంటే 64 చదరపు అంగుళాలు. మన బుట్టలో చుట్టూ గాలి ఆడేలా పట్టేది 6 అంగుళాల గుండ్రటి గిన్నె, అంటే 28. కాబట్టి అన్నీ సగం: వెన్న 60 గ్రాములు, పంచదార 100, గుడ్డు ఒకటి, మైదా 35, కోకో పొడి 25, ఉప్పు చిటికెడు (ఉప్పు వెన్న వాడితే అదీ అక్కర్లేదు). వెన్న కరిగించి, వేడి మీదే పంచదార వేసి కలిపి, చల్లారాక గుడ్డు కొట్టి బాగా గిలక్కొట్టాలి. మైదా, కోకో జల్లించి వేశాక మాత్రం ఎక్కువ కలపకూడదు, సాగుతుంది.

వాళ్ళు 180 డిగ్రీలంటే మనకి 160 చాలు. కాయిలు నెత్తి మీదే ఉంటుంది, గాలి జోరుగా కొడుతుంది కాబట్టి లోపల ఉడికేలోపే పైన మాడుతుంది. అందుకని మొదటి పన్నెండు నిమిషాలూ గిన్నె మీద అల్యూమినియం రేకు కప్పాలి. అంచులు గట్టిగా నొక్కాలి సుమా, లేకపోతే ఫ్యాను గాలికి లేచి కాయిలుకి తగులుతుంది. రేకు తీసేసి ఇంకో ఎనిమిది నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి పొడి అంటుకుని రావాలి. శుభ్రంగా వచ్చిందంటే ఎక్కువ ఉడికినట్టే. గంటసేపు చల్లారాకే కొయ్యాలి. అన్నిటికంటే కష్టమైన స్టెప్పు అదే :)

వెన్న లేకపోతే గేదె నెయ్యి నిక్షేపంగా పనిచేస్తుంది. వెన్నలో ఐదింట ఒక వంతు దాకా నీళ్ళూ పాల పదార్థాలూ ఉంటాయి కాబట్టి 60 బదులు 50 గ్రాముల నెయ్యి, రెండు చెంచాల పాలు. గుడ్డు తినని ఇళ్ళలో నాలుగు చెంచాల గట్టి పెరుగు, చిటికెడు వంటసోడా. కాస్త కేకులా వస్తుంది, అయినా బాగుంటుంది. కరెంటు అర యూనిట్ కి అటూ ఇటూ. ఇన్వర్టరు మీద మాత్రం పెట్టకండి, ఇళ్ళలో ఉండే మామూలు ఇన్వర్టరు 1500 వాట్లు మొయ్యలేదు.

ఇక అసలు సంగతికొస్తా.

కోకో పొడి డబ్బా కొన్నప్పుడల్లా నాకో వింత అనిపించేది. దేశంలో కోకో అన్నిటికంటే ఎక్కువ పండే రాష్ట్రం మనది. అందులోనూ పెద్ద వాటా ఏలూరు జిల్లాది. 2022 ఏప్రిల్ దాకా అందులో ఎక్కువ భాగం పశ్చిమ గోదావరిలోదే. కొబ్బరి చెట్ల కింద, పామాయిల్ చెట్ల కింద నీడలో కాస్తుంది. గోదారోళ్ళకి చేతికి దొరికినదాన్ని మిఠాయి చెయ్యకుండా వదిలే అలవాటు లేదు. బియ్యప్పిండి నీళ్ళని కుండ మీద రేకు చేసి ఆత్రేయపురం పూతరేకులన్నారు. మైదాని మడతపెట్టి తాపేశ్వరం కాజా అన్నారు. మామిడిపండు రసం ఎండబెట్టి తాండ్ర అన్నారు. అలాంటి చోట ఇన్నేళ్ళుగా కోకో పండుతున్నా ఒక్క మిఠాయీ పుట్టలేదు. గింజ ఎండబెట్టి, బస్తాకెత్తి, లారీ ఎక్కించడమే.

మా బాబాయ్ ది కామవరపుకోట వైపు కొబ్బరి తోట. పన్నెండేళ్ళుగా కింద కోకో వేస్తున్నాడు. కాయ కొట్టినప్పుడు గింజ చుట్టూ ఉండే తెల్లటి తియ్యటి గుజ్జు చప్పరించడం తప్ప, తన పంట రుచి ఏమిటో ఆయనకి తెలీదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు, 2025 దాకా.

ఆ మధ్య ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తా. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీకోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది. అక్కడ పంట దెబ్బతినడంతో 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటింది. 2024 వేసవిలో మన దగ్గర కూడా కిలో ఎండు గింజలు వెయ్యి రూపాయల దాకా పలికాయి. 2025 వేసవికల్లా అందులో సగం. అది కూడా కొనేవాడుంటే. రైతులు రోడ్డెక్కారు. కిలోకి 50 రూపాయలు తాను కలిపి 500 అందేలా చూస్తానని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. మా బాబాయ్ దగ్గర కొనడానికొచ్చినవాళ్ళు మాత్రం గింజ కోసి చూసి "క్వాలిటీ లేదండీ" అని ఇంకా తగ్గించారు.

"క్వాలిటీ లేదంట. నిరుడు లేని క్వాలిటీ గురించి ఈ ఏడు గుర్తొచ్చింది ఆళ్ళకి" అన్నాడు బాబాయ్. చెట్లు కొట్టించేస్తానని కూడా అన్నాడు.

నేను రెండు సంచులు అడిగాను. ఒకటి రెండ్రోజులే కుప్పలో ఉంచి తొందరపడి ఎండేసిన గింజ. రెండోది ఆరు రోజులు కప్పెట్టి, మధ్యలో తిరగేసి, పులియబెట్టింది. కోకోకి ఆ వాసన, ఆ రుచి వచ్చేదంతా ఈ పులియబెట్టడంలోనే మొదలవుతుంది. పులవని గింజ కోస్తే లోపల ఊదారంగు, నమిలితే వగరు. బాగా పులిసింది గోధుమరంగులో పగుళ్ళిచ్చి ఉంటుంది.

వేయించింది కూడా ఎయిర్ ఫ్రయ్యర్ లోనే. 130 డిగ్రీలు, ఇరవై నిమిషాలు, మధ్యమధ్యలో బుట్ట కుదుపుతూ. మొదట వెనిగర్ వాసన కొడుతుంది, తర్వాత ఇల్లంతా చాక్లెట్ వాసన. పొట్టు నలిపి అమ్మ చేటతో చెరిగేసింది, బియ్యం చెరిగినట్టే. ఆ పలుకుల్ని మిక్సీలో ఆగి ఆగి తిప్పితే ముందు పొడవుతుంది, తర్వాత ఆ వేడికి అందులోని కొవ్వు కరిగి ముద్దవుతుంది. ఈ ముద్దలో సగం కొవ్వే కాబట్టి లెక్క మారింది: 25 గ్రాముల పొడి బదులు 50 గ్రాముల ముద్ద, వెన్న 60 నుంచి 30కి.

మిక్సీ ముద్ద కాస్త బరకగా ఉంటుంది. చాక్లెట్ బిళ్ళకైతే పనికిరాదు, దాన్ని రాతి గ్రైండర్లో రోజుల తరబడి రుబ్బాలి. (అన్నట్టు, అమెరికాలో ఇళ్ళలో చాక్లెట్ చేసేవాళ్ళు 2000ల మధ్య నుంచీ వాడింది మన ఇడ్లీపిండి గ్రైండర్నే, కాస్త మార్చి!) పైగా కోకో కొవ్వు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాజమండ్రి మే నెలలో చాక్లెట్ బిళ్ళ చెంచాతో తినాల్సిందే. బ్రౌనీకి ఈ రెండు గొడవలూ లేవు. బరక మైదాలో కలిసిపోతుంది, ఎండకి కరగదు. కోకో పండే ఊరికి, ఎండ మండే ఊరికి సరిపోయే మిఠాయి ఇదే.

రెండు సంచులకీ రెండు గిన్నెలు. కొలతలు ఒకటే, వేడి ఒకటే, టైము ఒకటే, మారింది గింజ ఒక్కటే. మన భాషలో ఏ/బీ టెస్టు. ఏది ఏదో చెప్పకుండా బాబాయ్ ముందు పెట్టాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు. రెండోది తిని కాసేపు మాట్లాడలేదు.

"ఇది మన గింజేనంటావా?"

"రెండూ మీవే బాబాయ్."

ఇంకో ముక్క తీసుకున్నాడు. "అయితే ఆళ్ళన్నదాంట్లో సగం బేరం, సగం నిజవేరా."

ఈ సగం సగం లెక్క తేలడమే నాకు కావలసింది. ధర న్యూయార్క్ లో పడిపోతే బ్రౌనీ ఏం చెయ్యలేదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ధాన్యం రైతు అన్నం తిని తన గింజ ఎలాంటిదో చెప్పగలడు, మామిడి రైతు పండు కోసి చెప్పగలడు. తన పంట రుచి తెలియని రైతుకి ఎదుటివాడు "బాలేదు" అంటే కాదనడానికీ నోరుండదు, ఔననడానికీ ఉండదు. ఈ జిల్లా గింజకి దమ్ముందని వేరేవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. హైదరాబాద్ లో 2023లో తెరిచిన మనం చాక్లెట్ వాళ్ళు ఇక్కడి గింజనే, ఇక్కడే పులియబెట్టించి వాడుతున్నారు, 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో వాళ్ళ దుకాణాన్నీ చేర్చింది. అంటే రుచి తోటలోనే ఉంది. తెలియాల్సింది తోట యజమానికి.

కాబట్టి అటక మీదున్న ఆ మిషను దింపండి. మీకు తెలిసిన కోకో రైతుంటే ఓ కిలో గింజలు అడగండి, చేసినదాంట్లో సగం ఆయనకే పంపండి. మా బాబాయ్ ఇప్పుడు కుప్ప మీద అరిటాకులు కప్పి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. చెట్లు కొట్టించే మాట మళ్ళీ ఎత్తలేదు. నిన్న మాత్రం ఫోన్ చేసి, ఆ మిషను ఎంతవుతుందిరా అని అడిగాడు.