అకిహబరాలో ఎనిమిదో అంతస్తు

టోకియో స్టేషనునుంచి యమనోతె రైలులో రెండో స్టేషను అకిహబరా. యుద్ధానంతరం రేడియో సామాను అమ్ముకునేవారు చేరి పెంచిన పేట యిది. రైలుకట్ట కింద అటువంటి చిన్న కొట్లు యింకా వున్నవి. మేము వెళ్లింది మాత్రం ఒక పెద్ద అంగడి భవనంలో ఎనిమిదో అంతస్తుకు. ఏ.కే.బి. 48 అనే ఆడపిల్లల పాటల బృందానికి అక్కడ సొంత నాటకశాల వున్నది. పట్టేది సుమారు 250 మందే. బృందం పేరులో మొదటి అక్షరాలు కూడా యీ పేటవే.

2005 డిసెంబరు 8న తొలి ప్రదర్శనకు వచ్చిన మామూలు ప్రేక్షకులు ఏడుగురేనట! 2006 ఫిబ్రవరిలో వెలువడిన తొలి పాట ఒరికాన్ వారపు జాబితాలో పదో స్థానం అందుకున్నది. మొదటి స్థానానికి 2009 అక్టోబరులో "రివర్" దాకా ఆగవలసివచ్చింది. 2013 మేలో వచ్చిన "సయొనారా క్రాల్" తొలి వారమే 17 లక్షలు దాటింది.

అంతమంది విన్నారా? అదీ చెప్పలేము. ఆ డిస్కుతో ఒక ఓటుచీటీ యిచ్చారు. తరువాతి పాటలో ముందువరుస ఎవరిదో ఆ ఓట్లే తేల్చేవి. తమ పిల్ల గెలవాలని ఒక్కొక్కరు పదులకొద్దీ కొన్నారు. జాబితా డిస్కులను లెక్కించింది గాని చెవులను కాదు.

వ్యాపారమే, కాదనము. అయినా ఆ చిన్న శాలలో నిలబడితే మాకు 17 లక్షలకంటె ఆ ఏడుగురే పెద్దగా తోచారు. వారికి ఏ చీటీ యివ్వలేదు; పాట వినడానికే వచ్చారు.