స్పీడోమీటర్ తప్పు

2022 ఏప్రిల్, ఆదివారం మధ్యాహ్నం. నార్త్ కెరొలైనా డరమ్‌లో స్నేహితుడి ఇంట్లో భోంచేసి ఐ-40 హైవే మీద క్యారీకి ఒక్కణ్ణే వస్తున్నాను. బండి పోర్షే కేమన్, 2014 మోడల్, సెకండ్ హ్యాండ్. పదిహేనేళ్లు కామ్రీ నడిపి, అమ్మాయి కాలేజీకి వెళ్లాక కొనుక్కున్నది. అద్దంలో నీలం లైట్లు కనబడే దాకా ఎంత వేగంలో ఉన్నానో చూసుకోలేదని ఆ తర్వాత అందరికీ చెప్పాను. అబద్ధం. చూశాను.

పోలీసు మర్యాదగానే మాట్లాడాడు. 65 మైళ్ల లిమిట్ ఉన్నచోట 83. కాగితం చేతిలో పెట్టి జాగ్రత్తగా వెళ్లమన్నాడు. ఏదో ఫైను కట్టేస్తే పోతుందనుకున్నాను.

ఇంటికొచ్చి వివరాలు చదివితే ఒళ్లు చల్లబడింది. నార్త్ కెరొలైనాలో 55 దాటిన వేగంతో, లిమిట్ కన్నా 15 మైళ్లకు మించి పోయినట్టు తేలితే లైసెన్సు 30 రోజులు పోతుంది. పైగా అది మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. మా ఆవిడ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడాదే సిటిజెన్‌షిప్‌కి అప్లై చేయాలి. అరెస్టులు, సైటేషన్లు ఉన్నాయా అని ఆ ఫారంలో అడుగుతారు.

"ఇరవై ఏళ్లు ఒక్క కాగితం తేడా రాకుండా నెట్టుకొచ్చాం. ఇప్పుడీ బొమ్మకారు కోసం..." అని మిగతాది నాకే వదిలేసింది.

నాలుగో రోజు నుంచి లాయర్ల ఉత్తరాలు మొదలయ్యాయి. పెళ్లీడు కుర్రాడున్న ఇంటికి సంబంధాలు వచ్చినట్టు వచ్చాయి. పదకొండు లెక్కపెట్టి మానేశాను. క్యారీ వేంకటేశ్వరస్వామి గుడికి గాలిగోపురం లేస్తున్న రోజులవి. పార్కింగులో నిలబడి నా గోడు చెప్పుకుంటే తలా ఒక సలహా. "అన్నా, పీజేసీ అడుగు" అన్నాడొక తమ్ముడు. ప్రేయర్ ఫర్ జడ్జ్‌మెంట్ కంటిన్యూడ్. తప్పు ఒప్పుకున్నా జడ్జి తీర్పు ఇవ్వకుండా పక్కన పెట్టేస్తాడు. అయితే అప్పట్లో ఇన్సూరెన్స్ లెక్కలో ఇంటిల్లిపాదికీ కలిపి మూడేళ్లకు ఒక్కటే ఉండేది. ఈ సంగతి ఇంట్లో చెప్పి తప్పు చేశాను.

"మీరు వాడేసుకుంటే, రేపు నాకు అవసరమైతే?"

చివరికి లాయరు వేరే దారి చూశాడు. అభియోగం మార్చారు: ఇంప్రాపర్ ఎక్విప్‌మెంట్, వాహన పరికరాల లోపం. మామూలు భాషలో, స్పీడోమీటర్ సరిగా లేదని. జర్మన్ ఇంజనీర్లు అంత నమ్మకంగా చేసిన ముల్లు, నా తప్పును తన మీద వేసుకుంది. పాయింట్లు పడలేదు, లైసెన్సు పోలేదు. లాయరు ఫీజు ఎంతో ఇక్కడ రాయను.

ఆ శరదృతువులో సొంత కారుని ట్రాక్ మీద నడపడానికి వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వేకి వెళ్లాను. రాక్స్‌బరో, మిల్టన్ మీదుగా వెళ్లి సరిహద్దు దాటితే అదే. 1957లో మొదలై, 1974లో మూతపడి, 2000లో మళ్లీ తెరుచుకుంది. చుట్టు 3.27 మైళ్లు. స్పీడ్ లిమిట్ లేదు కదా అని వెళ్తే, నా జీవితంలో అన్ని రూల్స్ మధ్య కారు నడిపింది ఆ రోజే. హెల్మెట్ చూశారు, బ్రేకులు చూశారు. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టరు. ముందున్న కారాయన చెయ్యి బయటపెట్టి దారిస్తే తప్ప దాటకూడదు. జెండా చూసుకోకపోతే పిలిచి చీవాట్లు పెడతారు. ఓక్ ట్రీ మలుపు తిరిగి (ఆ చెట్టు 2013లోనే కూలిపోయింది, పేరు మిగిలింది) పొడవాటి స్ట్రెయిట్‌లో 125 చూశాను. ఐ-40 మీద 83లో నాకేమీ అనిపించలేదు. ఇక్కడ 60లో తీసుకున్న మలుపుకి అరచేతులు తడిశాయి.

ఇన్‌స్ట్రక్టరు పెద్దాయన, ఆ చుట్టుపక్కలవాడే. భోజనాల దగ్గర నాస్కార్ కారు రేసుల కథ ఎత్తాడు. 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగిన మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ (అంటే మార్పులు చేయని కార్ల) రేసులో ముందొచ్చినవాడు గ్లెన్ డన్నవే. దొంగసారా మోసే బండ్లకు చేసినట్టు అతని ఫోర్డ్ వెనక స్ప్రింగులు మార్చారని తనిఖీలో తేలింది. గెలుపు జిమ్ రోపర్‌కి పోయింది. పోలీసుల నుంచి పారిపోవడానికి పెంచిన వేగం నుంచి పుట్టిన ఆట, మొదటి రోజే రూలు పుస్తకం తీసిందని పెద్దాయన పడీపడీ నవ్వాడు.

మా కారు పిచ్చోళ్ల బృందంలో ఇప్పటికీ వినబడే మాట ఒకటుంది: "ఈ బండికి 65 ఏమిటి, అవమానం!" ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ ట్రాక్ గేటు దగ్గర, ఏం జరిగినా బాధ్యత నాదేనని కాగితం మీద సంతకం పెట్టాను. ఐ-40 మీద పక్క లేన్‌లో పిల్లల్ని ఎక్కించుకుని పోతున్నవాళ్లు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఈ మాటన్నప్పటి నుంచి నన్ను ముసలాడంటున్నారు.

ఆ రోజు సాయంత్రం ట్రాక్ గేటు దాటగానే, పోలీసు రాడార్‌ని పసిగట్టే డిటెక్టరు పీకి డిక్కీలో పడేశాను. వర్జీనియాలో అది వాడటం నిషేధం. లిమిట్ కన్నా 20 మైళ్లు మించితే రెక్లెస్ డ్రైవింగ్, ఏడాది దాకా జైలు వెయ్యొచ్చు. నార్త్ కెరొలైనా చేరే దాకా స్టీరింగు రెండు చేతులా పట్టుకునే ఉన్నాను.

పీజేసీ సంగతి మిగిలింది. 2023 అక్టోబరులో మా ఆవిడ బతుకమ్మను ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా మినీవ్యాన్ వెనక పెట్టుకుని, ఆటకి ఆలస్యమవుతోందని 45 రోడ్డు మీద 58లో వెళ్లి పట్టుబడింది. వరంగల్ అమ్మాయికి బతుకమ్మ ముందు లిమిట్ ఒక లెక్కా? పీజేసీ ఆవిడే వాడుకుంది.