సీసా పడకుండా

ఫజర్ చదువుకుని నేను మేడెక్కేసరికి మా తమ్ముడి కొడుకు అప్పటికే కట్టె ఊపుతుంటడు. కట్టె అంటే వానికి కోపం. "ఐరన్ అనాలె బడే అబ్బా, సెవెన్ ఐరన్" అంటడు. గ్రిప్ అరిగిందని ఎవరో సాబ్ పారేయబోతే అడిగి తెచ్చుకున్నడు. రహమత్ నగర్‌ల మా మేడ ఎంతని? ఒక మూలకు నీళ్ల ట్యాంకు, ఇంకో మూలకు బట్టల తీగలు, నడుమ ఆ ఐరన్ తిరిగేటంత జాగా. అసలు బంతి కొడితే కింది ఇంటి రేకులకు చిల్లే. అందుకే మా ఇంటామె పాత సాక్సులు చుట్టి గుడ్డ బంతి కుట్టిచ్చింది. ఇంత గల్లీల గోల్ఫ్ ఏందని పక్కింటోళ్లు మొదట్ల నవ్విన్రు, ఇప్పుడు అలవాటైంది.

పిల్లగాడు ఇంటర్ తప్పి గోల్కొండల క్యాడీగా పోతుండు. షేక్‌పేట మీదికెళ్లి పోతే నయా ఖిలా. 1656ల ఔరంగజేబు ఫౌజ్ మీదికొచ్చి పోయినంక అబ్దుల్లా ఖుతుబ్ షా కోటకు కలిపి కట్టించిన భాగం అది. హాతియాఁ కా ఝాడ్ ఉన్నది అక్కడే, ఆఫ్రికా నుంచి వచ్చిన ఫకీర్లు ఇచ్చిన మొక్క అంటరు. ఇప్పుడు ఆ ఖిలా లోపల గోల్ఫ్ మైదానం ఉన్నది.

మా తమ్మునికి ఇది నచ్చదు. "పెద్దోళ్ల బ్యాగులు మోసుడు ఒక నౌకరీయా?" అంటడు. పిల్లగాడు వెంటనే అలీ షేర్ పేరు తీస్తడు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌ల క్యాడీగా మొదలై 1991ల, మళ్ల 1993ల ఇండియన్ ఓపెన్ గెల్చినాయన. "క్యాడీలందరు అలీ షేర్లు అయితరా?" అని తమ్ముడు. ఆ మాట కూడ గలత్ కాదు. దస్తర్‌ఖాన్ కాడ రోజు ఇదే బహస్. ఇద్దరి నడుమ నేను చారు పోసుకుంట కూసుంట.

అక్కడ నేర్పే కోచ్ సాబ్ ఒకరు వీని స్వింగ్ చూసి, "చెయ్యి బాగుంది, గాని బంతి కుడికి వంగిపోతుంది. అది సర్దుకుని నెల దినాలకు రా, చూస్త" అన్నరట. స్లైస్ అంటరు దాన్ని. కుడిచేతి ఆటగాళ్లల్ల ఎక్కువ మందికి ఉండే రోగం. "ఫోన్‌ల నా వీడియో తియ్యి బడే అబ్బా" అని నన్ను పట్టుకున్నడు.

వీడియో తీసుడు వరకు ఉంటే ఖైర్. నేను యూట్యూబ్ కూడ చూసిన. రోజుకొక కొత్త ముచ్చట మోసుకొచ్చేటోణ్ణి. తల ఎత్తకు, ఎడమ మోచెయ్యి వంచకు, మోకాలు కదపకు, నడుం తిప్పు, మణికట్టు ఇట్ల. వారం తిరిగేసరికి పిల్లగానికి గుడ్డ బంతి కూడ తగుల్తలేదు. ఒకరోజు ఐరన్ ట్యాంకుకు ఆనిచ్చి కింద కూసున్నడు. "ఏది వినాల్నో సమజైతలేదు" అన్నడు. కండ్లల్ల నీళ్లు.

నాకు మా ఉస్తాద్ యాదికొచ్చిండు. మన హైదరాబాదోళ్లకు ఖాఫ్ పలకరాదు, దాన్ని ఖే చేసేస్తం. సమాధి అన్నా వార్త అన్నా మన నోట్ల ఒకటే ఖబర్. ఖుర్ఆన్ చదివేటప్పుడు ఆ హరఫ్ కాడ నేను గొంతుతోని కుస్తీ పట్టేటోణ్ణి. ఉస్తాద్ కొట్టలే. నా చదువుల ఇంకా పది తప్పులుండె, అవి విననట్టే ఊకున్నడు. నెల రోజులు ఆ ఒక్క హరఫే. "గొంతు మీద జోరు పెట్టకు, నాలుక మొదలు ఎక్కడ తగుల్తుందో చూడు" అనేటోడు. చప్పుడు వినిపించేది ఒకకాడ, బిమారీ ఉన్నది ఇంకోకాడ.

స్లైస్ కూడ గట్లనే. తగిలే టైంకు ఐరన్ మొహం అది పోయే దారి కన్నా కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి తిరుగుతది. బయటికెళ్లి లోపలికి కోసినట్టు కొట్టుడు దానికి జోడైతది. అసలు తమాషా ఏందంటే, కుడికి పోతుందని మనిషి భయపడి ఇంకా ఎడమకు లాగుతడు. అట్ల లాగినకొద్దీ కోత పెరిగి బంతి ఇంకింత కుడికి తిరుగుతది. పిల్లగాని వీడియో స్లోగా చూస్తే అదే కనిపించింది. మా తమ్ముడు పిల్లగాణ్ణి లాగుడు కూడ నాకు గట్లనే కొట్టింది గాని, ఆ మాట నోట్లనే పెట్టుకున్న.

ఇగ రెండే పెట్టుకున్నం. మొదటి పది రోజులు ఒక్క గ్రిప్. పైకెళ్లి చూస్తే ఎడమ చేతి కణుపులు రెండన్నా కనిపించాలె, వానికి ఒక్కటే కనిపిస్తుండె. పైగా పట్టు ఎంత గట్టిగనో! మా గల్లీల కబూతర్లు పెంచే చాచా ఒకాయన ఉన్నడు. పిల్లగాణ్ణి ఆయన కాడికి తీస్కపోయి ఒక కబూతర్ చేతిల పెట్టిచ్చిన. ఒత్తితే అది తన్నుకుంటది, ఇడిస్తే ఎగిరిపోతది. "ఐరన్ గిట్ల పట్టు" అన్న. యూట్యూబ్‌ల చూసినవన్నిట్ల వానికి పనికొచ్చింది ఇదొక్కటే అనుకుంట, ఇదేమో నేను యూట్యూబ్‌ల చూసింది కాదు.

తర్వాత సీసా. సగం నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాను బంతికి అవతల, జరంత వెనక నిలబెట్టినం. భుజాలు ముందు తిరిగి బయటికెళ్లి కొడితే ఐరన్ సీసాకు తగుల్తది. నడుం ముందు తిరిగి, చేతులు దాని వెనక వస్తే సీసా నిలబడ్తది. నేను ఏం చెప్పే పని లేదు, సీసానే చెప్తది. మొదటి రోజు ఇరవై సార్లు కొడితే ఇరవై సార్లు పడ్డది. ఆ చప్పుడుకు కింద తమ్ముడు లేచి అరిచిండు.

నేను చెప్పిన తల ముచ్చట కూడ వాపస్ తీసుకున్న. బంతి పోయినంక కూడ తల కిందికే పట్టుకుంటే భుజం తిరగనే తిరగదు. వాణ్ణి నేనే బిగదీసి నిలబెట్టిన. మాఫీ అడిగిన.

నిన్న పొద్దున పద్నాలుగు సార్లు వరసగ సీసా పడలే. నేను మనసులనే లెక్క పెడుతున్న. చూసేసరికి మెట్ల కాడ మా తమ్ముడు, లుంగీ మీదనే, చేతిల చాయ్ గ్లాసు. ఎప్పుడొచ్చిండో తెల్వదు. పిల్లగాడు బాపును చూసి బిగుసుకపోయిండు. పదిహేనోసారి సీసా దొర్లి తమ్ముని కాళ్ల కాడికి పోయింది.

తమ్ముడు చాయ్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టిండు. సీసా తీసుకుని బంతి పక్కన నిలబెట్టి, "ఇక్కడనేనా? ఇంకా వెనక్కా?" అని అడిగిండు.

కోచ్ సాబ్ కాడికి పోయేది వచ్చే జుమ్మా తర్వాత.