వీటో: ఒక క్రియాపదం కథ

లాటిన్ భాషలో 'వీటో' నామవాచకం కాదు, క్రియాపదం. ఉత్తమ పురుష, ఏకవచనం. 'నేను నిషేధిస్తున్నాను' అని దాని అర్థం. మన 'ఒప్పుకోను' వలెనే కర్తను కడుపులో దాచుకొన్న సంపూర్ణ వాక్యం.

నేటి ప్రభుత్వాలకు రోమనులిచ్చినదేమిటని పిల్లలడిగితే నేను ఈ మాటతోనే ఆరంభిస్తాను. క్రీ.పూ. 509లో రాజును వెళ్ళగొట్టి ఏటేటా ఇద్దరు కాన్సళ్ళను ఎన్నుకొన్నారంటే బుద్ధిగా వింటారు, అంతే. క్రీ.పూ. 494లో అప్పుల బాధకు తాళలేక, సైన్యంలో పోరాడవలసిన సామాన్యులే నగరం విడిచి కొండమీదికి పోయి కూర్చొన్నారంటే మాత్రం "సమ్మె చేశారా తాతగారూ?" అంటారు. సమ్మెయే మరి! వారిని శాంతింపజేయడానికి ఏర్పడినవారే ట్రిబ్యూన్లు. ట్రిబ్యూనుపై చేయి చేసుకోవడం మహాపాతకం. అతని ఇంటి తలుపు రాత్రింబవళ్ళు తెరిచే ఉండాలి. ఏ వేళనైనా దిక్కులేనివాడు శరణు జొచ్చవచ్చు. అతడు అడ్డు నిలిచి ఆ ఒక్క మాట పలికితే కాన్సలు ఆజ్ఞయైనా ఆగవలసిందే.

మాటల ముచ్చట వచ్చింది గనుక ఇంకొకటి. 'క్యాండిడేటు' అంటే తెల్లబట్టలవాడు. ఓట్లడగబోయే రోమనుడు సుద్దతో తెల్లబరచిన టోగా ధరించేవాడు. మన 'అభ్యర్థి' అర్థించేవాడు. వారు బట్టను చూశారు, మనం చాచిన చేతిని చూశాము. నాకు మన మాటే నచ్చుతుంది.

"మరి ఐక్యరాజ్యసమితిలో వీటో ఐదు పెద్ద దేశాలకే ఉంది కదా! బీదవాళ్ళ మాట వాళ్ళకెలా దొరికింది?" అని ఒక పాప అడిగింది. ఇటువంటి ప్రశ్న కోసమే ఉపాధ్యాయుడు బ్రతికేది. క్రీ.పూ. 23లో అగస్టస్ ట్రిబ్యూను పదవి చేపట్టకుండానే ఆ అధికారాన్ని మాత్రం గ్రహించాడని చెప్పాను. బలహీనుని కవచం చక్రవర్తి ఒంటిమీదికి చేరింది. 1945 నాటి సమితి చార్టరులో 'వీటో' అన్న పదమే లేదు. ముఖ్య నిర్ణయాలకు ఐదు శాశ్వత సభ్యదేశాల సమ్మతి కావాలని 27వ అధికరణం చెబుతుంది. ఒక్కటి కాదంటే చాలు, ఆగిపోతుంది. లోకం దానినే వీటో అంటున్నది.

పాప కాసేపాలోచించి, "అయితే ఆ ఐదుగురూ రాత్రిళ్ళు తలుపులు తెరిచి ఉంచాలి కదా?" అన్నది.

ఆ నియమం చార్టరులో లేదమ్మా, అన్నాను.