ఆరు నెలల గడువు

మొన్న ఓ ఆదివారం ‘సొనీతా’ అనే డాక్యుమెంటరీ చూశాను. డాక్యుమెంటరీ అనగానే, ఒకప్పుడు అసలు సినిమాకి ముందు వేసే న్యూస్‌రీలు గుర్తొచ్చి పేజీ తిప్పెయ్యకండి. ఇందులో పాటుంది, తల్లీకూతుళ్ళ పోరుంది, ఊపిరి బిగబట్టించే సస్పెన్సుంది. లేనిదల్లా హీరో ఒక్కడే.

2015లో ఇరాన్ దర్శకురాలు రొఖ్సారే ఖాయెమ్ మఘామీ తీసిన చిత్రమిది. కథానాయిక సొనీతా అలీజాదే కల్పిత పాత్ర కాదు. అఫ్ఘనిస్థాన్ నుంచి టెహ్రాన్ చేరిన కాందిశీకుల పిల్ల. ర్యాప్ పాడాలని పిచ్చి కోరిక. పుస్తకంలో ఓ కచేరీ బొమ్మ అంటించి, పాడే తార ముఖం మీద తన ముఖం అతికించుకుంది! కానీ 1979 విప్లవం తర్వాత ఇరాన్‌లో మగవాళ్ళ ముందు ఆడది ఒంటరిగా పాడటం నిషిద్ధం.

ఇంతలో హెరాత్ నుంచి తల్లి దిగింది. కొడుకు పెళ్ళికి ఓలి కావాలి. అందుకని కూతుర్ని ఎవరికో ఇచ్చి 9,000 డాలర్లు తెచ్చుకోవాలి. గురజాడవారి ‘కన్యాశుల్కం’ 1955లో తెరమీద చూసిన మనకి ఈ బేరం కొత్త కాదు. అలాగని ఆ తల్లి రాక్షసీ కాదు. తనకి తెలిసిన లోకం అది.

ఇప్పుడు దర్శకురాలేం చెయ్యాలి? చూస్తూ తియ్యాలా, అడ్డుపడాలా? ఆవిడ 2,000 డాలర్లు ఇచ్చి ఆరు నెలల గడువు కొన్నది. ఆ గడువులో సొనీతా పెళ్ళిబట్టలు కట్టి, నుదుట సరుకు మీద వేసే బార్‌కోడ్ గీసుకుని, అమ్ముడయ్యే పెళ్ళికూతుళ్ళ మీద పాడింది. ఆ పాట ఇంటర్నెట్‌లో లోకమంతా తిరిగింది. పిల్ల అమెరికాలో చదువుకి వెళ్ళింది. 2016లో సన్‌డాన్స్ ఉత్సవంలో జ్యూరీ బహుమతీ, ప్రేక్షకుల బహుమతీ ఈ చిత్రానికే దక్కాయి.

సొనీతా బయటపడింది. మిగతావాళ్ళో? 2024లో తాలిబన్లు చేసిన చట్టం ఆడవాళ్ళ గొంతే బయట వినబడకూడదంది.

సినిమా అయ్యాక నాకు అన్నం సయించలేదు. ఎనిమిదేళ్ళ క్రితం మా పిన్ని కూతురికి సంగీతం డిప్లొమాకి ఇంకా ఏడాది ఉండగా సంబంధం కుదిరింది. “పాటలు పాడే కోడలు మాకొద్దు” అన్నారు అటువాళ్ళు. భోజనాల దగ్గర అది నా వంక చూసి, “నువ్వు పేపర్లలో రాస్తావుగా అన్నయ్యా, నాన్నతో ఒక్కమాట చెప్పవూ!” అంది. నేను తలవంచుకుని పప్పన్నం కలుపుకున్నాను. నన్నెవరూ రెండు వేల డాలర్లు అడగలేదు. ఒక్క మాట, అంతే.

నిన్న దానికి ఫోన్ చేశాను. క్షమాపణ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సినిమా పేరు మాత్రం చెప్పగలిగాను. “పిల్లలు పడుకున్నాక చూస్తాలే అన్నయ్యా” అంది.

మీరూ చూడండి. మీ ఇంట్లో ఏ చెల్లెలైనా అలా మీ వంక చూస్తే, దయచేసి కంచంలోంచి తలెత్తండి.